ఇంటి కంప్యూటరుకు స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టం: ఎవరికి అనుకూలం, ఎవరికి కాదు?

ప్రత్యేక వ్యాసం

అడవులదీవి (బాపట్ల జిల్లా): విండోస్ 10 ఆపరేటింగ్ సిస్టంకు ఉచిత భద్రతా అప్‌డేట్లను మైక్రోసాఫ్ట్ సంస్థ 2025 అక్టోబరు 14వ తేదీతో నిలిపివేసిన సంగతి విదితమే. 2015 జూలైలో విడుదలైన ఈ సిస్టం పదేళ్లపాటు ఇళ్లలోను, కార్యాలయాలలోను విస్తృతంగా వినియోగంలో ఉన్నది. అప్‌డేట్లు ఆగినంత మాత్రాన కంప్యూటరు పనిచేయడం ఆగిపోదు. అయితే అటుపిమ్మట బయటపడే భద్రతా లోపాలకు మరమ్మతు అందదు. గృహ వినియోగదారులు పేరు నమోదు చేసుకొన్నట్లయితే 2026 అక్టోబరు 13 వరకు అదనపు అప్‌డేట్లు పొందే ఏర్పాటును సంస్థ 2025లో ప్రకటించింది. అది తాత్కాలిక వెసులుబాటే గాని శాశ్వత పరిష్కారం కాదు.

ఈ పరిణామం మహానగరాలకే పరిమితమైనది కాదు. కృష్ణా డెల్టా చివరన, సముద్రతీరానికి చేరువలో ఉన్న నిజాంపట్నం మండలం అడవులదీవి వంటి గ్రామాలలో సైతం నేడు కంప్యూటరు ఉన్న ఇళ్లు కలవు. ఉదాహరణకు ఇటువంటి గ్రామంలోని ఒక కుటుంబాన్ని ఊహించుకొందాం. తండ్రి రొయ్యల చెరువుకు వేసిన మేత లెక్కలు అందులో రాసుకొంటారు. కుమార్తె డిగ్రీ పాఠాలు చదువుకొని, ఉద్యోగ దరఖాస్తులు నింపుతుంది. యంత్రం 2016లో కొన్నది. ఇంకను చక్కగా పనిచేస్తున్నది. విండోస్ 11కు మాత్రం అది అర్హమైనది కాదు. ఆ కుటుంబం ముందు మూడు మార్గాలున్నవి. కొత్త యంత్రం కొనడం మొదటిది. రక్షణ లేని పాత సిస్టంతోనే కాలక్షేపం చేయడం రెండవది. అదే యంత్రంలో స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టంను నెలకొల్పుకోవడం మూడవది. ఈ మూడవ మార్గం సామాన్య గృహ వినియోగదారునికి ఎంతమేరకు అనుకూలమో పాత్రికేయులు, అధికారులు ప్రజలకు వివరించగలిగేందుకు వీలుగా సంబంధిత అంశాలను ఈ వ్యాసంలో పొందుపరచడమైనది. ఏ సంస్థ ఉత్పత్తినీ ప్రోత్సహించుట గాని, నిరుత్సాహపరచుట గాని దీని ఉద్దేశం కాదు.

స్వేచ్ఛ వేరు, ఉచితం వేరు

కంప్యూటరులోని యంత్ర భాగాలకు, మనం వాడే ప్రోగ్రాములకు నడుమ ఉండి అన్నింటినీ నడిపించే మూల వ్యవస్థనే ఆపరేటింగ్ సిస్టం అంటారు. విండోస్, మ్యాక్ వంటివి వాటి యజమాన్య సంస్థల లైసెన్సు షరతులకు లోబడి లభిస్తాయి. లినక్స్ కెర్నెల్ ఆధారంగా రూపొందిన ఉబుంటు, డెబియన్, లినక్స్ మింట్, ఫెడోరా వంటివి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోవకు చెందినవి.

ఆంగ్లంలోని 'ఫ్రీ' అనే ఒక్క మాట ఇక్కడ తికమకకు తావిస్తున్నది. తెలుగులో ఆ ఇబ్బంది లేదు. మనకు 'స్వేచ్ఛ', 'ఉచితం' అని రెండు వేర్వేరు మాటలున్నవి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వినియోగదారునికి నాలుగు హక్కులను కల్పిస్తుంది. ఏ ప్రయోజనానికైనా వాడుకోవడం, లోపలి నిర్మాణాన్ని పరిశీలించడం, ఇతరులకు పంచిపెట్టడం, మార్పులు చేసి తిరిగి విడుదల చేయడం అనేవి ఆ నాలుగు హక్కులు. ధర చెల్లించనవసరం లేకపోవడం వీటి పర్యవసానం మాత్రమే. ఒక పెన్‌డ్రైవ్‌లోని ఉబుంటు ప్రతిని ఊరిలోని పది ఇళ్లకు ఇచ్చినా అది చట్టసమ్మతమే. విండోస్ దొంగ ప్రతిని అదే విధంగా పంచినట్లయితే కాపీరైటు చట్టం ప్రకారం నేరం.

అమెరికాకు చెందిన రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రాజెక్టును ప్రకటించారు. ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ కెర్నెల్‌ను విడుదల చేశారు. ఈ రెండింటి కలయికతో ఏర్పడిన వ్యవస్థ నేడు ప్రపంచంలోని సర్వర్లలో అధిక భాగాన్ని నడుపుతున్నది. ప్రజల చేతిలోని ఆండ్రాయిడ్ ఫోనుకు మూలం కూడా లినక్స్ కెర్నెలే. కావున, 'లినక్స్ మాకు తెలియదు' అనే కుటుంబంలో సైతం అది ఇదివరకే వినియోగంలో ఉన్నదని చెప్పవచ్చు.

తెలుగు నేలపై జరిగిన కృషి

తెలుగునాట స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం తెలుగు భాషా సేవతో ముడిపడి సాగింది. హైదరాబాదు కేంద్రంగా 2005లో ఆరంభమైన 'స్వేచ్ఛ' సంస్థ, డెబియన్ ఆధారంగా తెలుగులో పనిచేసే ఆపరేటింగ్ సిస్టంను రూపొందించింది. బడిపిల్లల కొరకు 'బాల స్వేచ్ఛ' అనే రూపాన్ని కూడా తీర్చిదిద్దింది. గ్నోమ్, కేడీఈ వంటి తెరవ్యవస్థలలోను, ఫైర్‌ఫాక్స్ బ్రౌజరులోను, లిబ్రేఆఫీస్‌లోను కనిపించే తెలుగు మాటలు చాలావరకు స్వచ్ఛంద అనువాదకుల శ్రమఫలితమే. కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన సీ-డాక్ 2007లో 'బాస్' పేరిట భారతీయ భాషల ఆపరేటింగ్ సిస్టంను విడుదల చేసింది. అదియును డెబియన్ ఆధారితమే. అందులో తెలుగు కూడా కలదు.

అక్షరరూపాల విషయంలోనూ చెప్పుకోదగిన కృషి జరిగింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో లభ్యమై, డెబియన్ భాండాగారంలో చోటుచేసుకొన్నవి. 2012లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, సిలికానాంధ్ర సంస్థల చొరవతో మరికొన్ని యూనికోడ్ ఫాంట్లు వెలువడినవి. గిడుగు, గురజాడ, సురవరం, మండలి, రామభద్ర, పెద్దన, ధూర్జటి వంటి పేర్లతో ఉన్న ఆ వరుసలో 'తెనాలి రామకృష్ణ' కూడా ఉన్నది. వీటిని ఎవరైనను రుసుము లేకుండా వాడుకోవచ్చు.

2017 మే నెల నేర్పిన పాఠం

భద్రతా అప్‌డేట్లు లేని కంప్యూటరు వల్ల కలిగే ముప్పు ఊహాజనితమైనది కాదు. 2017 మే 12న 'వనాక్రై' అనే వైరస్ ప్రపంచవ్యాప్తంగా లక్షలాది కంప్యూటర్లలోని దస్త్రాలకు తాళం వేసి, డబ్బు చెల్లిస్తేనే విడిపిస్తామని బెదిరించింది. మన రాష్ట్రంలోను పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు దీని బారిన పడినవి. ప్రభావితమైన జిల్లాలలో చిత్తూరు, కృష్ణా, విశాఖపట్నం, శ్రీకాకుళంతోపాటు అడవులదీవి నాడు అంతర్భాగంగా ఉన్న గుంటూరు జిల్లా కూడా ఉన్నది. బాపట్ల ప్రత్యేక జిల్లాగా ఏర్పడినది 2022 ఏప్రిల్ 4న అన్నది గుర్తుంచుకోవలసిన అంశం.

ఆ వైరస్ ఉపయోగించుకొన్న లోపానికి మరమ్మతును మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, అనగా 2017 మార్చి 14న విడుదల చేసింది. దానిని వేసుకొన్న యంత్రాలు క్షేమంగా ఉన్నవి, వేసుకోనివి దెబ్బతిన్నవి. 2014 ఏప్రిల్‌లోనే మద్దతు ముగిసిన విండోస్ ఎక్స్‌పీకి ఆ మరమ్మతు మార్చిలో బహిరంగంగా అందలేదు. దాడి మొదలైన తరువాతనే సంస్థ దానిని అత్యవసరంగా విడుదల చేసింది. దీనినిబట్టి గ్రహించవలసినది ఒకటే: ఏ సిస్టం వాడుచున్నామన్న దానికన్నా, దానికి అప్‌డేట్లు అందుచున్నవా, వాటిని మనం వేసుకొనుచున్నామా అన్నదే ప్రధానం.

దొంగ ప్రతులు వాడే ఇళ్లకు ఈ హెచ్చరిక మరింతగా వర్తిస్తుంది. లైసెన్సును తప్పించుకొనేందుకు వాడే 'క్రాక్' ప్రోగ్రాములలోనే వైరస్ దాగి ఉండవచ్చు. తాళం బయటపడుతుందన్న భయంతో అప్‌డేట్లను ఆపివేయడం కూడా అటువంటి ఇళ్లలో పరిపాటి.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లోపరహితమని భావించుట కూడా పొరపాటే. 2014లో బయటపడిన 'హార్ట్‌బ్లీడ్' లోపం స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లోనిదే. 2024 మార్చిలో 'ఎక్స్‌జెడ్' అనే చిన్న ఉపకరణంలో ఎవరో ఉద్దేశపూర్వకంగా చొప్పించిన దొడ్డిదారి బయటపడింది. మూలరచన అందరికీ అందుబాటులో ఉన్నందువలన, తన కంప్యూటరు అర సెకను ఆలస్యంగా స్పందిస్తున్నదని అనుమానించిన ఒక ఇంజనీరు దానిని పట్టుకోగలిగారు. ప్రధాన సిస్టంల స్థిర విడుదలలలోకి అది చేరకమునుపే తొలగించబడింది. అవకాశం, అపాయం రెండును ఈ ఒక్క ఉదంతంలో కానవస్తాయి.

ఇంటి అవసరాలు ఎంతవరకు తీరుతాయి?

ఇరవై ఏళ్ల క్రితం ఈ ప్రశ్నకు సమాధానం వేరుగా ఉండేది. అప్పట్లో ప్రతి పనికీ ప్రత్యేక ప్రోగ్రాము అవసరమయ్యేది. అవి చాలావరకు విండోస్‌కే లభించేవి. నేడు ఇంటి కంప్యూటరు పనులలో అధిక భాగం బ్రౌజరులోనే జరుగుతున్నవి. ఈ-మెయిల్, బ్యాంకు లావాదేవీలు, డిజీలాకరు, రైలు టిక్కెట్లు, ఆన్‌లైన్ దరఖాస్తులు, ఆదాయపు పన్ను వివరాల సమర్పణ, వీడియో పాఠాలు, వాట్సాప్ వెబ్ ఇందుకు ఉదాహరణలు. 2025 జనవరి 30న ప్రారంభమైన 'మన మిత్ర' వాట్సాప్ సేవలను ఫోనులో వాడినట్లే కంప్యూటరు బ్రౌజరు ద్వారా కూడా వాడుకోవచ్చు. ఫైర్‌ఫాక్స్, క్రోమ్ రెండును లినక్స్‌పై నడుస్తాయి గనుక ఈ పనులలో వినియోగదారునికి తేడా దాదాపు కనిపించదు.

లేఖలు, లెక్కల పట్టికలు, ప్రదర్శన పలకల తయారీకి లిబ్రేఆఫీస్ ఉన్నది. మేత లెక్కలు, ఇంటి ఖర్చులు, విద్యార్థుల ప్రాజెక్టు నివేదికలకు ఇది సరిపోతుంది. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ దస్త్రాలను తెరచి, అదే రూపంలో తిరిగి భద్రపరచగలదు. అయితే క్లిష్టమైన పట్టికలు, మాక్రోలు ఉన్న దస్త్రాలలో అమరిక చెదిరే అవకాశం ఉన్నది. ప్రభుత్వ కార్యాలయాలకు పంపే నమూనాలను పీడీఎఫ్‌గా మార్చి పంపుట మేలు.

సినిమాలు, పాటలకు వీఎల్‌సీ, ఫొటోలు సరిదిద్దుటకు గింప్ లభ్యమవుతున్నవి. సిస్టంతోపాటు వచ్చే 'సాఫ్ట్‌వేర్ భాండాగారం' నుంచి వీటిని ఒక్క నొక్కుతో తెచ్చుకోవచ్చు. ఫోనులోని ప్లేస్టోరు అలవాటైనవారికి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. సిస్టంతోపాటు ఈ ప్రోగ్రాములన్నియు ఒకే చోటినుంచి అప్‌డేట్ అవుతాయి.

ప్రింటర్లు, స్కానర్ల విషయంలో జాగ్రత్త అవసరం. హెచ్‌పీ సంస్థ తన ప్రింటర్లలో అత్యధిక భాగానికి లినక్స్ డ్రైవర్లను స్వయంగా అందిస్తున్నది. తీగ లేకుండా ఫోను నుంచి ముద్రించగల కొత్త ప్రింటర్లు సాధారణంగా ఏ ఇబ్బందీ లేకుండా పనిచేస్తాయి. అయితే మన పట్టణాలలోని జిరాక్సు కేంద్రాలలోను, ఇళ్లలోను కనిపించే కొన్ని పాత లేజర్ ప్రింటర్లకు సరైన డ్రైవరు దొరకదు. ముందుగా పరీక్షించుకొనకుండా మారినవారు ఎక్కువగా చిక్కుపడేది ఇక్కడే.

తెలుగు టైపింగ్: అసలు చిక్కుముడి

పాత్రికేయులకు, కార్యాలయ సిబ్బందికి సూటిగా సంబంధించిన అంశం ఇది. లినక్స్‌లో తెలుగు టైపు చేయడం కష్టమన్న అభిప్రాయం ప్రచారంలో ఉన్నది. వాస్తవానికి యూనికోడ్ తెలుగు విషయంలో అది నిజం కాదు. ఐబస్ అనే ఉపకరణం ద్వారా ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతన, సరళ అమరికలతోపాటు డీటీపీ పనివారికి అలవాటైన యాపిల్ కీబోర్డు అమరిక కూడా లభ్యమవుచున్నది. ఒకసారి అమర్చుకొన్న పిమ్మట రెండు మీటలు నొక్కి తెలుగుకు, ఆంగ్లానికి మారవచ్చు.

చిక్కు మరొకచోట ఉన్నది. అచ్చుపనికి, ప్రచురణలకు పేరుగాంచిన తెనాలి మొదలుకొని రాష్ట్రంలోని అనేక పట్టణాలలో డీటీపీ పని దశాబ్దాలుగా అను ఫాంట్లు, పేజ్‌మేకర్‌లపై ఆధారపడి సాగింది. ఈ ఫాంట్లు యూనికోడ్ పూర్వకాలపు పద్ధతిలో పనిచేస్తాయి. వీటిలో దస్త్రం లోపల భద్రమయ్యేది తెలుగు అక్షరం కాదు. రోమను అక్షరాలకు కేటాయించిన సంకేతాలు. ఆ సంకేతాలపై తెలుగు ఆకారాన్ని ఫాంటు తొడుగుతుంది. ఫాంటు లేని కంప్యూటరులో అదే దస్త్రం అర్థంలేని గుర్తులుగా దర్శనమిస్తుంది. ఇది లినక్స్ లోపం కాదు. ఆ ఫాంటు లేని విండోస్‌లోను, ఫోనులోను జరిగేది ఇదే. తెలుగుకు యూనికోడ్‌లో 1991లోనే స్థానం లభించినప్పటికీ, పాత దస్త్రాల రాశి ఇంకను మిగిలి ఉండుటయే దీనికి కారణం.

పాత దస్త్రాలను యూనికోడ్‌లోకి మార్చే ఉపకరణాలు అందుబాటులో ఉన్నవి. మార్పిడి అనంతరం వత్తులు, గుణింతాలు సరిచూసుకోవడం తప్పనిసరి. సిస్టం మార్చినా మార్చకపోయినా ఈ పని చేసుకోవడం శ్రేయస్కరం. ఎందుకంటే యూనికోడ్‌లో ఉన్న పాఠాన్నే వెతకవచ్చు, ఫోనులో చదవవచ్చు, వెబ్‌సైటులో ఉంచవచ్చు, పదేళ్ల తరువాత తిరిగి తెరవవచ్చు. ఒక కుటుంబం తన పెద్దలు రాసుకొన్న జ్ఞాపకాలను, ఒక గ్రామం తన చరిత్రను అను దస్త్రంలోనే వదిలివేసినట్లయితే, రేపటి తరానికి అవి తెరచుకోని పెట్టెలుగా మిగిలిపోగలవు. పత్రికల పుటల కూర్పుకు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో స్క్రైబస్ ఉన్నది. 2024లో వెలువడిన 1.6 విడుదల భారతీయ లిపుల అమరికకు వీలు కల్పించినప్పటికీ, వృత్తిరీత్యా పుటలు కూర్చేవారు తగినంత పరీక్షించుకొన్న తరువాతనే దానికి మారవలసి ఉంటుంది.

ఎవరికి అనుకూలం కాదు?

కొన్ని వర్గాల వినియోగదారులకు ఈ మార్పు ప్రస్తుతం తగినది కాదని స్పష్టం చేయవలసి ఉన్నది.

1. ట్యాలీలో వ్యాపార లెక్కలు రాసేవారు, ఆటోక్యాడ్, ఫొటోషాప్, పేజ్‌మేకర్ వంటి ప్రోగ్రాములపై జీవనోపాధి ఉన్నవారు. ఇవి లినక్స్ కొరకు రూపొందినవి కావు. 'వైన్' అనే ఉపకరణంతో కొన్నింటిని లినక్స్‌పై నడపవచ్చు గాని, ఉపాధిని దానిపై ఆధారపరచుట క్షేమం కాదు.

2. డిజిటల్ సంతకం టోకెన్లు, వేలిముద్ర యంత్రాలు వాడేవారు. కొన్ని టోకెన్లకు లినక్స్ డ్రైవర్లు ఉన్నప్పటికీ అమర్చుకోవడానికి నిపుణుల సహాయం అవసరం. ఆధార్ ఆధారిత వేలిముద్ర పరికరాల తయారీదారులు విండోస్, ఆండ్రాయిడ్‌లనే ప్రధానంగా దృష్టిలో ఉంచుకొంటున్నారు.

3. కొత్త కంప్యూటరు ఆటలు ఆడేవారు. గడచిన కొన్నేళ్లలో పరిస్థితి ఎంతో మెరుగుపడినా, పోటీ ఆటలు కొన్ని లినక్స్‌ను అనుమతించవు.

4. చేతి క్రింద సహాయం చేసేవారెవరూ లేనివారు. ఈ అంశం దిగువన వివరించడమైనది.

ఇతర ప్రాంతాల అనుభవం

కేరళ రాష్ట్రం ఈ విషయంలో దీర్ఘకాల ఉదాహరణ. అక్కడ 2001లో ఆరంభమైన ఐటీ ఎట్ స్కూల్ ప్రాజెక్టు, కాలక్రమంలో పాఠశాలలను పూర్తిగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వైపు మళ్లించింది. దాని వారసత్వ సంస్థ 'కైట్' 2019లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లకు ఉబుంటు ఆధారిత సిస్టంను సిద్ధం చేసి, లైసెన్సు రుసుముల రూపంలో సుమారు రూ.3,000 కోట్లు ఆదా కాగలవని ప్రకటించింది. ఇది ఆ సంస్థ వేసుకొన్న అంచనా. అయితే సొమ్ముకన్నా ముఖ్యమైనది ఉపాధ్యాయ శిక్షణ. సీడీలు పంచి ఊరుకొనక, లక్షలాది పిల్లలకు పాఠం చెప్పే ఉపాధ్యాయులను ముందుగా తయారుచేసినందువలననే ఆ ప్రయత్నం నిలిచింది.

జర్మనీలోని మ్యూనిక్ నగరపాలక సంస్థ అనుభవం దీనికి భిన్నమైనది. ఆ నగరం సుమారు 15 వేల కంప్యూటర్లను 2013 నాటికి లినక్స్‌కు మార్చి ప్రపంచ దృష్టిని ఆకర్షించింది. బయటి సంస్థలతో దస్త్రాల మార్పిడిలో ఇబ్బందులు, సిబ్బంది అసంతృప్తి, పాలకుల మార్పు నేపథ్యంలో 2017లో తిరిగి విండోస్‌కు మారాలని నిర్ణయించింది. సాంకేతికత ఒక్కటే కాక, చుట్టూ ఉన్నవారు ఏమి వాడుచున్నారన్నది కూడా ఫలితాన్ని నిర్ణయిస్తుందని ఇది తెలుపుతున్నది.

మన దేశంలో సుప్రీంకోర్టు ఈ-కమిటీ ఆధ్వర్యంలో జిల్లా, దిగువ న్యాయస్థానాలకు ఉబుంటును ఎంపిక చేసి, న్యాయాధికారులకు, సిబ్బందికి శిక్షణ ఇవ్వడం జరిగింది. కేంద్ర ప్రభుత్వం 2015లో ప్రకటించిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ స్వీకరణ విధానం ప్రకారం, ఈ-పరిపాలన ప్రాజెక్టులలో దీనికి ప్రాధాన్యం ఇవ్వాలి; మినహాయించిన పక్షంలో కారణాలు చూపాలి. సాంకేతిక నేపథ్యం లేని ఉద్యోగులు సైతం శిక్షణ పొందినట్లయితే దీనిని వాడగలరనడానికి న్యాయస్థానాల ఉదాహరణ చాలును.

పాత యంత్రానికి కొత్త ఆయుష్షు

విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా భాగం, 4 గిగాబైట్ల ర్యామ్, 64 గిగాబైట్ల నిల్వ అవసరం. ఇంటెల్ ప్రాసెసర్లలో సాధారణంగా ఎనిమిదవ తరం, ఆపై తరాలవి మాత్రమే అర్హమైనవి. 2017కు మునుపటి యంత్రాలు చాలావరకు ఇక్కడే తిరస్కరణకు గురవుతున్నవి. లినక్స్ మింట్ 22కు 2 గిగాబైట్ల ర్యామ్, 20 గిగాబైట్ల నిల్వ కనీస అవసరాలు. సౌకర్యంగా వాడుటకు 4 గిగాబైట్ల ర్యామ్ ఉండాలి. దానికి 2029 వరకు భద్రతా అప్‌డేట్లు అందుతాయి. ఉబుంటు 24.04కు సైతం 2029 వరకు సాధారణ మద్దతు కలదు.

అతి పాత యంత్రాల విషయంలో మాత్రం హెచ్చరిక అవసరం. 32 బిట్ ప్రాసెసర్లకు ప్రధాన లినక్స్ సిస్టంలు క్రమంగా మద్దతు విరమించినవి. 2025 ఆగస్టులో విడుదలైన డెబియన్ 13 సైతం వాటిలో నెలకొల్పే సదుపాయాన్ని తొలగించింది. అటువంటి యంత్రాన్ని ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచి పిల్లల అభ్యాసానికి మాత్రమే వాడుట ఉత్తమం.

పాత యంత్రాన్ని మందకొడిగా మార్చేది తరచుగా దాని హార్డ్‌డిస్కు. ఆ స్థానంలో ఎస్‌ఎస్‌డీ అమర్చుకొన్నట్లయితే కొత్త కంప్యూటరు ధరలో స్వల్ప భాగంతోనే వేగం గణనీయంగా పెరుగుతుంది. ఏ సిస్టం వాడినా ఇది వర్తిస్తుంది.

మారదలచినవారు పాటించవలసిన క్రమం

ముందుగా ఇంట్లో కంప్యూటరుతో జరిగే పనులన్నింటినీ ఒక కాగితంపై రాసుకోవాలి. పైన పేర్కొన్న మినహాయింపులలోకి వచ్చేది ఏదైనా ఉన్నదేమో చూసుకోవాలి. ఉన్నట్లయితే తొందరపడరాదు.

రెండవది, దస్త్రాలన్నింటినీ బయటి డ్రైవులో భద్రపరచుకోవాలి. తుపానులకు, విద్యుత్ అంతరాయాలకు గురయ్యే తీరప్రాంతంలో ఈ అలవాటు సిస్టం మార్పుతో నిమిత్తం లేకుండా ఎల్లప్పుడూ పాటించదగినది.

మూడవది, ఎనిమిది గిగాబైట్ల పెన్‌డ్రైవ్‌లో లినక్స్ మింట్ వంటి సిస్టంను ఎక్కించి, దానినుంచే కంప్యూటరును నడిపి చూడాలి. దీనిని 'లైవ్' విధానం అంటారు. ఇందులో కంప్యూటరులోని పాత సిస్టం చెక్కుచెదరదు. వైఫై, శబ్దం, ప్రింటరు, వెబ్‌కెమెరా, తెలుగు టైపింగ్ పనిచేస్తున్నవో లేదో ఈ దశలోనే పరీక్షించాలి. డౌన్‌లోడ్ పరిమాణం సుమారు మూడు గిగాబైట్లు ఉంటుంది గనుక మొబైల్ డేటాపై ఆధారపడినవారు పట్టణంలోని మిత్రుల ద్వారా తెప్పించుకొనుట సులభం. అధికారిక వెబ్‌సైటు నుంచి తప్ప ఇతరచోట్ల నుంచి తీసుకోరాదు.

నాలుగవది, పరీక్ష సంతృప్తికరంగా ఉన్నట్లయితే, వీలున్నచోట రెండు సిస్టంలను పక్కపక్కనే నెలకొల్పుకొని కొన్ని నెలలపాటు వాడి చూడాలి. విండోస్‌కు తిరిగి వెళ్లవలసిన అవసరం రాలేదని తేలిన తరువాత పూర్తిగా మారవచ్చు. ఈ కాలంలో అప్‌డేట్లు ఆగిన విండోస్‌లో బ్యాంకు లావాదేవీలు చేయకుండుట మంచిది.

సహాయం ఎక్కడ దొరుకుతుంది?

గృహ వినియోగదారుని నిర్ణయంలో చివరకు కీలకమయ్యేది ఈ ప్రశ్నే. విండోస్ చెడితే రేపల్లెలోనో, తెనాలిలోనో మరమ్మతు దుకాణం ఉంటుంది. లినక్స్‌లో సందేహం వస్తే అటువంటి దుకాణదారుడు, 'మళ్లీ విండోస్ వేయించుకోండి' అనే సలహా ఇచ్చే అవకాశమే ఎక్కువ. ఇంటర్నెట్‌లో సహాయ సమాచారం విస్తారంగా ఉన్నప్పటికీ అందులో అత్యధికం ఆంగ్లంలోనే ఉన్నది. సాఫ్ట్‌వేర్‌కు ధర లేకపోయినా నేర్చుకొనే శ్రమకు ధర ఉన్నది. ఆ భారం ఇంట్లో ఎవరో ఒకరు మోయవలసి ఉంటుంది. చాలా ఇళ్లలో ఆ బాధ్యత కళాశాలలో చదివే పిల్లలపై పడుతుంది. వారు చదువు నిమిత్తం ఊరు విడిచినట్లయితే, వెనుక మిగిలిన తల్లిదండ్రులకు అప్‌డేట్ వేయుట, ప్రింటరు తిరిగి అమర్చుట వంటి నాలుగైదు పనులను తెలుగులో ఒక కాగితంపై రాసి ఉంచుట ఎంతో ఉపకరిస్తుంది.

బాపట్ల, తెనాలి, రేపల్లె పట్టణాలలోని కళాశాలల విద్యార్థులు ఈ వెలితిని తీర్చగలరు. నెలకొక ఆదివారం ఒక గ్రంథాలయంలోనో, పాఠశాలలోనో సమావేశమై, పాత కంప్యూటర్లు తెచ్చినవారికి సిస్టం నెలకొల్పి ఇచ్చే 'ఇన్‌స్టాల్ మేళా'లు ఇతర ప్రాంతాలలో స్వచ్ఛంద బృందాలు నిర్వహించే కార్యక్రమమే. ఇందుకు పెద్ద పెట్టుబడి అవసరం లేదు. విద్యార్థులకు అనుభవం, గ్రామస్థులకు భరోసా లభిస్తాయి.

సారాంశం

బ్రౌజరు, లేఖలు, లెక్కలు, పాఠాలు, వినోదం వరకే అవసరాలున్న కుటుంబానికి స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టం నేడు నిస్సందేహంగా అనుకూలమైనదే. అప్‌డేట్లు లేని విండోస్‌తో గాని, దొంగ ప్రతితో గాని కొనసాగుటకన్నా అది సురక్షితమైనది. ప్రత్యేక ప్రోగ్రాములపై, డిజిటల్ సంతకంపై జీవనోపాధి ఆధారపడినవారు మాత్రం లైసెన్సు గల విండోస్‌నే కొనసాగించుట వివేకం. అను దస్త్రాలు పేరుకొన్నవారు ముందుగా వాటిని యూనికోడ్‌కు మార్చుకొని, ఆపై సిస్టం గురించి ఆలోచించవలెను.

అడవులదీవిలోని మన ఊహాకుటుంబం విషయానికి వస్తే, మేత లెక్కలు లిబ్రేఆఫీస్‌లో తెరచుకొంటాయి. కుమార్తె దరఖాస్తులు బ్రౌజరులో సాగుతాయి. పాత ప్రింటరు సంగతి మాత్రం పెన్‌డ్రైవ్‌తో ఒక సాయంత్రం పరీక్షించి తేల్చుకోవలసినదే. ఆ పరీక్షకు ఖర్చు లేదు. కావున నిర్ణయానికి ముందు పరీక్ష అన్నదే ఈ విషయంలో ప్రజలకు చెప్పవలసిన ప్రధాన సలహా.